1983లో పెళ్లైన ఆడపిల్లకు తాతల నాటి భూమిలో వాటా ఉందా?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. తాతల నాటి మూడెకరాల పల్లం, ఎకరం గరువు (మెట్ట భూమి) ఉన్నాయి. నాన్నగారు వీలునామా రాయకుండా 2001లో పోయారు. అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు. నా పెళ్లి 1983లో అయింది. నిరుడు వాటా అడిగితే, '1999లోనే నాన్న, మేమిద్దరం పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద పంచేసుకున్నాం, నీకు కట్నం ఇచ్చాం కదా' అన్నారు. పాసుపుస్తకాలు వాళ్ల పేరునే ఉన్నాయి. ఇప్పుడు గరువు అమ్మకానికి పెట్టారు. నాకేమైనా వస్తుందా?

జవాబు: వస్తుందమ్మా. ఎంత వస్తుందన్నది ఆ తెల్లకాగితం నిలవడాన్ని బట్టి ఉంటుంది.

ముందు పెళ్లి సంగతి. హిందూ వారసత్వ చట్టానికి మన ఆంధ్రప్రదేశ్‌లో 5-9-1985 నుంచి అమలైన సవరణ ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చింది గానీ, అప్పటికే పెళ్లైనవారిని పక్కన పెట్టింది. 9-9-2005 నాటి కేంద్ర సవరణలో ఆ తేడా లేదు. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలని 2015లో ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ మాట చెల్లదంది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి నాన్నగారు 2001లో పోవడం మీకు అడ్డు కాదు. కట్నం ఇచ్చామన్నది అసలు జవాబే కాదు. మీరు రిజిస్టరు హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి ఉంటే మాత్రం వేరే సంగతి.

లెక్క ఇదీ. నాన్నగారు, మీరు, ఇద్దరు తమ్ముళ్లు నాలుగు సమాన వాటాలు. నాన్నగారి పావు వాటా మళ్లీ అమ్మగారితో కలిపి నలుగురికి. మీకు పదహారింట అయిదు వంతులు, అంటే నాలుగెకరాల్లో ఎకరా పాతిక సెంట్లు. అమ్మగారికి పాతిక సెంట్లు.

ఇక కాగితం. 20-12-2004కు ముందు జరిగిన పంపకాలను, అమ్మకాలను చట్టం కదపదు. అయితే పంపకమంటే రిజిస్టరు దస్తావేజు గానీ, కోర్టు డిక్రీ గానీ ఉండాలి. నోటిమాట పంపకాన్ని ఆనాటి ప్రభుత్వ రికార్డులు గట్టిగా బలపరిస్తే తప్ప, అదీ అరుదుగా తప్ప, ఒప్పుకోకూడదని ఆ వినీతా శర్మ తీర్పే చెప్పింది. అందుకే ముందుగా 1998 నుంచి 2005 దాకా అడంగల్ (ఏటా సాగు, అనుభవం రాసే ఊరి లెక్క), 1బి (భూమి హక్కుల రికార్డు) నకళ్లు, శిస్తు రశీదులు, ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. నాన్నగారు ఉండగానే తమ్ముళ్ల పేర్లు విడివిడిగా ఎక్కి ఉంటే మీ కేసు కష్టమవుతుంది. ఆయన పోయాక వారసత్వంగా మారి ఉంటే, 1999లో పంచుకున్నామన్న మాటను ఆ రికార్డే కాదంటుంది. పాసుపుస్తకం ఒక్కటే మీ హక్కును చెరిపేయదు.

ఒకవేళ కాగితం నిలిచినా చేతులు ఖాళీ కావు. ఆ పంపకంలో నాన్నగారికి వచ్చిన మూడో వంతులో మీకు నాలుగో వంతు, అంటే సుమారు 33 సెంట్లు ఉంటుంది. ఈ మాట దావాలో ప్రత్యామ్నాయంగా రాయించండి, చాలామంది మరిచిపోతారు.

దావా భూమి ఉన్న చోటి సివిల్ కోర్టులోనే వేయాలి. అమ్మగారితో సహా వాటాదారులందరినీ, ఉమ్మడి ఆస్తి అంతటినీ చేర్చాలి. ఒకటి వదిలినా అది పాక్షిక పంపకం దావా అని అవతలివాళ్లు అడ్డం తిరుగుతారు. రీసర్వే అయిన ఊరైతే దావాలోని ఆస్తి వివరాల షెడ్యూలులో పాత సర్వే నంబరు, కొత్త ల్యాండ్ పార్సెల్ నంబరు రెండూ ఉండాలి. గరువు అమ్మకానికి ఉంది కనుక దావాతో పాటే తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకాన్ని ఆపే కోర్టు ఉత్తర్వు) అర్జీ వేయండి. సబ్ రిజిస్ట్రారుకు ఉత్త అర్జీ ఇచ్చి నిశ్చింతగా ఉండకండి. దావా నడుస్తుండగా ఎవరు కొన్నా కోర్టు తీర్పుకు కట్టుబడాల్సిందే.

గడువు విషయంలో జాగ్రత్త. వాటా లేదని వాళ్లు తేల్చి చెప్పినట్టు మీకు తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్లు. 'ఎప్పుడో చెప్పేశాం' అని వాళ్లు వాదిస్తారు. నిరుడే కాదన్నారని చూపే ఫోను మెసేజీలుంటే దాచండి.

దావాలో ముందు వచ్చే ప్రిలిమినరీ డిక్రీ (తొలి తీర్పు) ఎవరి వాటా ఎంతో తేలుస్తుంది, అంతే. కోర్టు నియమించే లాయరు, అంటే అడ్వకేట్ కమిషనర్ వచ్చి, కొలిపించి, హద్దులు వేశాకే ఫైనల్ డిక్రీ. ట్రయల్ కోర్టులే చొరవ తీసుకుని ఆ దశకు వెళ్లాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఫైనల్ డిక్రీ పిటిషన్ మీరు వేయించుకోవడమే మేలు.

లాయరు ఫీజు భారమైతే మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. తమ్ముళ్లు రాజీకి వస్తే లోక్ అదాలత్‌లో అవార్డు చేయించుకోండి, అది కోర్టు డిక్రీతో సమానం.