వీధిలో జనాన్ని ఏఐతో లెక్కపెడితే కేసవుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి. ప్రభుత్వ యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాను. నాలుగు కాళ్ల మండపం దగ్గర మా మామయ్య వాళ్ల మేడ మీద కెమెరా పెట్టి, జనం ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో ఏఐతో లెక్కగట్టి ప్రాజెక్టు రాయాలని ఉంది. కింద గాజుల బండి ఆమె 'నన్ను వీడియో తీస్తే స్టేషన్‌కి పోతా' అంటోంది. టెన్షన్‌గా ఉంది. ఇది తప్పా?

జవాబు: వీధిని వీడియో తీసినంత మాత్రాన నేరం కాదు. అలాగని రోడ్డెక్కిన మనిషికి గోప్యత ఉండదనీ కాదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చింది. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని కూడా అందులో ఉంది. ప్రాథమిక హక్కులు ముందుగా కట్టడి చేసేది ప్రభుత్వ సంస్థలనే. మీది ప్రభుత్వ యూనివర్సిటీ కనుక ఆ మాట మీకు ఇంకాస్త గట్టిగా తగులుతుంది.

ఇక 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, అంటే మన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టం. దీని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకొస్తాయి. మనిషిని గుర్తుపట్టేలా ఉన్న వీడియో పర్సనల్ డేటాయే. అయితే సెక్షన్ 17(2)(బి) పరిశోధనకు, గణాంకాలకు మినహాయింపు ఇస్తోంది. షరతు ఏమిటంటే, ఆ డేటాతో ఫలానా వ్యక్తి మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలూ పాటించాలి.

మీ చిక్కంతా ఆ షరతు దగ్గరే. రేపు ఎవరో వచ్చి 'ఈ బండి రోజూ దారికి అడ్డంగా ఉంటోంది, మీ వీడియో ఇవ్వండి, తీయించేస్తాం' అంటారు. ఇచ్చారో, మీ పరిశోధన ఆమె మీద సాక్ష్యమైపోతుంది, మినహాయింపూ చేజారుతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఆమెను కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆమె భయం ఉత్తుత్తిది కాదు, కొట్టిపారేయకండి.

కాబట్టి జనం ముఖాలున్న వీడియోను మీ దగ్గర నిల్వ ఉంచుకోకండి. లెక్క అక్కడికక్కడే తీసి, వీడియో చెరిపేసేలా పెట్టుకోండి. న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా వీధుల పాత, కొత్త వీడియోలను అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు ఏఐతో పోల్చి జనం నడక వేగం 15 శాతం పెరిగిందని తేల్చారు. అలాంటి లెక్కకు నడక కావాలి, పేర్లు కాదు.

మామయ్య దగ్గర ఒక కాగితం మీద సంతకం, గైడ్ దగ్గర లెటర్ తీసుకోండి. కెమెరాను వీధి స్తంభానికి కట్టాలనుకుంటే మాత్రం కార్పొరేషన్ అనుమతి లేకుండా వద్దు. స్క్రీన్ మీద మనుషులు చుక్కలుగా కనిపించేది గాజులామెకు ఒకసారి చూపించండి. అప్పటికీ వద్దంటే కెమెరాను పక్కకు తిప్పండి, ఆ ఒక్క బండి లేకపోతే మీ ప్రాజెక్టు ఆగదు.