ఐదో నెలలో కీళ్లవాతం: నడవొచ్చా?

నడవొచ్చు చెల్లెమ్మా. రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఐదో నెల, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నాయి, అత్తమ్మేమో మంచం దిగనివ్వట్లేదు అన్నావు. ఆమెది ప్రేమే, కానీ కదలకపోతే బిగుతు ఇంకా పెరుగుతుంది. మీ గైనకాలజిస్టు బెడ్ రెస్ట్ చెప్పలేదు కదా? అలాగైతే వారానికి 150 నిమిషాల మోస్తరు వ్యాయామం గర్భిణులకు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆ మాట అత్తమ్మకు చెప్పు. నువ్వు మాత్రం పది నిమిషాలతో మొదలుపెట్టు. నడుస్తూ మాట్లాడగలిగే వేగం చాలు.

పొద్దున గోరువెచ్చని నీళ్లలో వేళ్లు ముడుస్తూ తెరువు. నడక సాయంత్రానికి పెట్టుకో, కందుకూరు ఎండ బాగా చల్లబడ్డాకే. వాచి వేడిగా ఉన్న కీలుకు ఆ రోజు బరువు పెట్టకు. వెల్లకిలా పడుకుని చేసేవి ఇక వద్దు. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, కళ్లు తిరగడం, కడుపు నొప్పిగా బిగుసుకోవడం ఉంటే ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

మందులు సొంతంగా మానొద్దు. కాన్పయ్యాక మొదటి నెలల్లో చాలామందికి నొప్పులు తిరగబెడతాయి. అందుకే పుట్టింటికి వెళ్లేముందే కీళ్ల డాక్టరును కలిసి, పాలిచ్చేటప్పుడు వాడదగ్గ మందులేవో రాయించుకో. బిడ్డను మణికట్టుతో కాదు, ముంజేతుల మీద ఎత్తుకో.