స్పాట్ వెల్డింగ్ మెషిన్ కూలింగ్ వాటర్‌కి ఏ ఫ్లో సెన్సర్ మంచిది: ప్యాడిల్ వీలా, వోర్టెక్సా, మాగ్నెటిక్‌దా?

మాగ్నెటిక్ ఫ్లోమీటర్ పెట్టండి. బడ్జెట్ సరిపోకపోతే వోర్టెక్స్, అంటే నీళ్లలో లేచే సుడుల్ని లెక్కపెట్టే రకం. నీళ్ల తోపుకి రెక్కలు తిరిగే ప్యాడిల్ వీల్‌ని మాత్రం వెల్డింగ్ షాపు గడప తొక్కనివ్వకండి. గాజువాక ఆటోనగర్‌లో షీట్ మెటల్ షాపు మెయింటెనెన్స్ చూస్తాను, ఈ విషయంలో నా మాట మారదు.

అందరూ యాక్యురసీ ఎంత శాతం అని కేటలాగులు పోల్చుకుంటారు. స్పాట్ గన్‌కి రెండు శాతం అటూ ఇటూ అయితే ఏమీ కాదండీ. నీళ్లు బాగున్నా ఊరికే ట్రిప్ చేసి మెషిన్ ఆపేసే సెన్సర్‌ని ఎవరో ఒకరు బైపాస్ చేస్తారు, కొంప మునిగేది అక్కడే.

ఒక మే నెలలో ప్యాడిల్ వీల్ సెన్సర్ ఉన్న మా పెద్ద మెషిన్ మాటిమాటికీ ఫ్లో తక్కువని ఆగిపోయేది. "నీళ్లు బాగానే వస్తన్నాయి సార్, మెషినే అబద్ధం చెప్తంది" అంటూ ఆపరేటర్ కుర్రాడు రిటర్న్ హోస్ ఊడదీసి బకెట్‌లో పట్టి చూపించేవాడు. అతను చెప్పింది నిజమే. కొన్నాళ్లకి ట్రిప్పులు వాటంతటవే ఆగిపోయాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఓ రాత్రి షిఫ్టులో స్ట్రెయినర్ (నీళ్ల జల్లెడ) పూడుకుపోయింది. నీళ్లు ఆగాయి, వెల్డింగ్ ఆగలేదు. రాగి టిప్పు పుట్టగొడుగులా విచ్చుకుని షీటుకి అతుక్కుపోయింది. హోస్ మెత్తబడి క్లాంప్ దగ్గర ఊడి ఆవిరి చిమ్మింది. ఎవరికీ కాలకపోవడం అదృష్టం.

ప్యానెల్ తెరిస్తే ఫ్లో సిగ్నల్ టెర్మినళ్ల మధ్య వేలెడంత ఎర్ర వైరు ముక్క కనిపించింది, సెన్సర్‌ని బైపాస్ చేసింది అదే. సెన్సర్ విప్పితే ఇరుసుకి టెఫ్లాన్ టేపు పోగులు చుట్టుకుని ఉన్నాయి, రెక్కల్లోని అయస్కాంతాలకి నల్లటి తుప్పు పొడి ముద్దలా పట్టింది. వేలితో తిప్పితే కాస్త తిరిగి పట్టేస్తోంది. వైరు పెట్టినవాణ్ణి తిట్టి ఏం లాభం? గంటకిన్ని పీసులని టార్గెట్ పెట్టి, అబద్ధపు అలారం ఇచ్చే సెన్సర్ చేతికిస్తే ఎవరైనా అదే చేస్తారు.

మాగ్నెటిక్ దాంట్లో తిరిగేది, అరిగేది ఏమీ ఉండదు. నీళ్లకి కరెంటు పోనిచ్చే గుణం ఉంటే చాలు. మన బోరు నీళ్లకి ఆ కొరత లేదు, లవణాలు తీసేసిన డీఅయనైజ్డ్ వాటర్ వాడే లూప్‌లో మాత్రం పనిచేయదు. గన్ కేబుళ్లకి దూరంగా పెట్టి, ఎర్తింగ్ సరిగ్గా ఇవ్వండి, వేల ఆంపియర్ల కరెంటు పక్కన ఏ సెన్సరైనా తికమక పడుతుంది. వోర్టెక్స్ కూడా గట్టిదే గానీ ఫ్లో మరీ తగ్గితే సున్నా చూపిస్తుంది. గన్‌కి నిమిషానికి నాలుగైదు లీటర్లే వెళ్తుంటే చిన్న సైజు ఎంచుకోవాలి. వేడి తేడాతో ఫ్లో కొలిచే థర్మల్ రకం చవకగా వస్తుందని మోజు పడకండి. దాని మీద సున్నం పట్టిందంటే స్పందన నెమ్మదిస్తుంది. టిప్పు క్యాప్ ఊడితే వెంటనే వాల్వు మూసుకోవాలి కదా, అప్పుడది చేతులెత్తేస్తుంది.

ఏది కొన్నా గన్ నుంచి నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ లైన్‌లో పెట్టండి. సప్లై వైపు పెడితే మధ్యలో హోస్ పగిలి నీళ్లు నేలపాలవుతున్నా సెన్సర్ అంతా బాగుందనే చెబుతుంది. ఇంత చిన్న విషయం చాలామంది సప్లయర్లు చెప్పరు, అమ్మేసి వెళ్లిపోతారు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. బోరు నీళ్లు నేరుగా తిప్పే షాపులు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. లక్షలు పోసి గన్ కొంటారు, నీళ్లలో సున్నం తీసే సాఫ్ట్‌నర్‌కి మాత్రం చెయ్యి రాదు. నీళ్లని చల్లబరిచే చిల్లర్‌ని 18 డిగ్రీలకి దించడం ఇంకో పిచ్చి. వైజాగ్ తేమకి వేసవిలో గన్, ట్రాన్స్‌ఫార్మర్ చెమటలు కక్కుతాయి, ఆ నీరు టెర్మినళ్ల మీదకి చేరుతుంది.

మీ గన్‌కి లీటర్లెన్ని, పైపు సైజెంత, నీళ్లు బోరువా క్లోజ్డ్ లూప్‌వా అన్నది కింద రాయండి, మీటర్ సైజు చెబుతాను.