ఈసారి ఆడటానికి ఎవరొస్తున్నారు?

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని హోటన్ లాంటి చోట ఎమ్మెస్ చదువుతూ, ల్యాబ్ పనులు, అసైన్‌మెంట్లు చూసుకుంటూ, కాలేజీ ఐస్ హాకీ మీద తెలుగులో పది పేజీలు రాశావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. మన పిల్లలు చాలామంది ఆ ఊళ్ళో చదువుకుని వెళ్ళారు. మంచు గురించి రాశారు, ఇంటి మీద బెంగ గురించి రాశారు. శుక్రవారం రాత్రి ఆ ఊరంతా ఎక్కడికి వెళ్తుందో రాసినవాళ్ళు నాకు కనపడలేదు.

అయినా వ్యాసం ఇంకా నిలబడలేదు. మొదటి మూడు పేజీల్లో బిగ్ టెన్, సీసీహెచ్‌ఏ, డబ్ల్యూసీహెచ్‌ఏ, ఎన్‌సీహెచ్‌సీ అని కాన్ఫరెన్స్‌ల, అంటే కాలేజీ జట్ల లీగ్‌ల, పేర్ల మీద పేర్లు పెట్టావు. గుంటూరులో మీ నాన్నగారు అక్కడే పక్కన పెట్టేస్తారు. ఓపిగ్గా ఇంకో పేజీ తిప్పినా, ప్రేక్షకుల సగటుల పట్టిక ఎదురవుతుంది. ఏడో పేజీ అడుగున మాత్రం మీ ఇంటి ఓనరమ్మ మాట ఒకటుంది. "ఇదివరకు మిన్నెసోటా వాళ్ళో, నార్త్ డకోటా వాళ్ళో వస్తున్నారంటే నెల ముందే టికెట్ల గొడవ మొదలయ్యేది" అందట ఆవిడ. నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఆ మాటతో. ముందున్న ఆరు పేజీలూ ఆ మాటకి జవాబుగా రావాలి.

చిన్న కాలేజీల హాకీ గురించి రాసేటప్పుడు నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే. ఈసారి ఆడటానికి ఎవరొస్తున్నారు? ఎంతమంది చూశారు, ఎంత డబ్బొచ్చింది, కోచ్ ఎవరు అనేవన్నీ ఆ తర్వాత.

కాన్ఫరెన్స్ అంటే ఏమిటో మీ నాన్నగారికి ఇలా చెప్పు. అది ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్న ఇళ్ళ వరస. నేను మీ ఊరొచ్చి శుక్ర, శనివారాలు రెండు మ్యాచ్‌లు ఆడతాను, నువ్వు మా ఊరొచ్చి ఆడు. టికెట్ల డబ్బు ఎవరి ఊళ్ళో ఆడితే వాళ్ళది. పేరున్న ఇల్లు ఆ వరసలో ఉన్నంతకాలం, చిన్న ఇంటికి కూడా ఆ చుట్టం రాక తప్పదు. చిన్న ఇంటి గౌరవమూ, గల్లాపెట్టే రెండూ ఆ రాకపోకల మీదే ఆధారపడి ఉంటాయి.

నీ పది పేజీల్లో లేని ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. మీ మిషిగన్ టెక్, ఫెర్రిస్ స్టేట్, లేక్ సుపీరియర్ స్టేట్, నార్తర్న్ మిషిగన్, బెమిజి స్టేట్, వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి మిగతా ఆటల్లో ఇవి రెండో డివిజన్. ఒక్క హాకీలోనే మొదటి డివిజన్. అంటే యాభై వేలమంది చదివే యూనివర్సిటీ జట్టు ఆ చిన్న ఊరి రోడ్డెక్కి రావడానికి ఉన్న దారి ఇదొక్కటే. సూ సెయింట్ మరీలోని లేక్ సుపీరియర్ స్టేట్ 1988, 1992, 1994లలో జాతీయ ఛాంపియన్. మీ టెక్ 1962, 1965, 1975లలో. ఆ కప్పులు వాళ్ళు ఎందుకంత అపురూపంగా చూసుకుంటారో ఈ సంగతి తెలిస్తేనే పాఠకుడికి అర్థమవుతుంది.

ఇక ఆ వరస ఎలా తెగిపోయిందో చెప్పు. 2010 సెప్టెంబర్‌లో టెర్రీ పెగులా అనే వ్యాపారి, గ్యాస్ బావుల్లో సంపాదించిన డబ్బులోంచి 8 కోట్ల 80 లక్షల డాలర్లు పెన్ స్టేట్ యూనివర్సిటీకి ఇచ్చాడు. కొత్త రింక్, అంటే మంచు మైదానం, కట్టండి, హాకీని క్లబ్ ఆటగా కాకుండా అసలైన జట్టుగా నడపండి అని. దానిలో ఎవరికీ చెడు తలపెట్టిందేమీ లేదు. కానీ ఒక కాన్ఫరెన్స్ ఛాంపియన్‌కి నేషనల్ టోర్నమెంట్‌లో నేరుగా చోటు దొరకాలంటే దానిలో కనీసం ఆరు జట్లుండాలి. మిగతా ఆటల్లో ఒకే కాన్ఫరెన్స్‌గా ఉన్న బిగ్ టెన్ యూనివర్సిటీల్లో అప్పటికి హాకీ జట్లున్నవి అయిదే. పెన్ స్టేట్ ఆరోది అయింది. మిషిగన్, మిషిగన్ స్టేట్, ఒహాయో స్టేట్ సీసీహెచ్‌ఏ నుంచి, మిన్నెసోటా, విస్కాన్సిన్ డబ్ల్యూసీహెచ్‌ఏ నుంచి లేచి వెళ్ళాయి. 2011లో, వాళ్ళు వెళ్తున్నారని తెలియగానే నార్త్ డకోటా, డెన్వర్ లాంటి బలమైన జట్లు తమలో తాము కలిసి ఎన్‌సీహెచ్‌సీ పెట్టుకున్నాయి. నోటర్ డేమ్ తూర్పు జట్ల కాన్ఫరెన్స్‌కి పోయింది. 2013 వచ్చేసరికి నలభై ఏళ్ళకి పైబడ్డ సీసీహెచ్‌ఏ మూతబడింది. మిగిలినవాళ్ళంతా డబ్ల్యూసీహెచ్‌ఏ అనే పాత పేరు కింద చేరారు.

ఇదంతా నువ్వు మూడు పేజీల్లో రాశావు. ఒక్క పేరా చాలు. మిగిలిన చోటు బిగ్ ర్యాపిడ్స్‌కి ఇవ్వు.

ఎందుకంటున్నానో చెప్తాను. 2015 ప్రాంతంలో ఒక శనివారం ఫెర్రిస్ స్టేట్ మ్యాచ్ చూడ్డానికి బిగ్ ర్యాపిడ్స్ వెళ్ళాను. దాదాపు రెండున్నర వేలమంది పట్టే రింక్ అది. స్టాండ్స్‌లో ఎక్కడ కూర్చున్నా ఆటగాళ్ళ స్కేట్లు మంచుని కోసే చప్పుడు వినపడుతుంది. నా పక్కన ఒక పెద్దాయన స్కూలు పిల్లల నోటుపుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. ప్రతి పేజీ పైన వచ్చిన జట్టు పేరు, తేదీ, కింద గోల్స్, పెనాల్టీలు, మార్జిన్‌లో ఆ రాత్రి ప్రకటించిన ప్రేక్షకుల సంఖ్య. విరామంలో అడిగితే సంచిలోంచి పాత పుస్తకాలు తీసి చూపించాడు. 2013కి ముందు పేజీల పైన మిషిగన్, మిషిగన్ స్టేట్, ఒహాయో స్టేట్ అని ఉంది. ఆ తర్వాత పేజీల పైన అలాస్కా యాంకరేజ్, బెమిజి, హంట్స్‌విల్. మార్జిన్‌లో అంకెల సంగతి నేను చెప్పక్కర్లేదు, ఆయన వేలు పెట్టి చూపించిన చోటే చూశాను. "మిషిగన్ ఇప్పుడు రావాలనుకుంటే వస్తుంది" అన్నాడాయన. ఇంతకుముందు రాక తప్పేది కాదు, ఇప్పుడు వాళ్ళ ఇష్టం. ఆయన దాన్ని కోపంగా అనలేదు. పుస్తకాన్ని మళ్ళీ జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు.

అడగాల్సిన ప్రశ్న ఎవరొస్తున్నారనేదని నాకు ఆ రాత్రి వరకు తెలియదు. 2013లో నేను ఒక వ్యాసం రాశాను. పెద్దవాళ్ళు వెళ్ళిపోయారు, చిన్నవాళ్ళు అయిదేళ్ళలో ఆట మానేస్తారు అని. ఎవరినీ కలవకుండా, ఏ రింక్‌లోనూ కూర్చోకుండా, అంకెలు చూసి రాశాను. అది తప్పని ఆ సీజన్‌లోనే తేలింది. కొత్త డబ్ల్యూసీహెచ్‌ఏ లీగ్ పట్టికలో ఫెర్రిస్ స్టేట్ మొదటి స్థానంలో నిలిచింది. 2022లో మిన్నెసోటా స్టేట్, అంటే ఆ మిగిలినవాళ్ళలో ఒకటైన మన్‌కేటో ఊరి జట్టు, జాతీయ సెమీఫైనల్లో పెద్దన్నలాంటి మిన్నెసోటాని 5-1తో ఓడించి ఫైనల్‌కి వెళ్ళింది. స్టాండ్స్ ఖాళీ అయినంత మాత్రాన ఆట ఖాళీ అవదు. నా వ్యాసంలో ఆ తేడా లేదు. అది అచ్చయిపోయింది, ఇప్పుడు దిద్దలేను. నీది ఇంకా నీ దగ్గరే ఉంది.

అంకెల విషయంలో ఒక జాగ్రత్త. ప్రకటించిన సంఖ్య చాలాచోట్ల ఇచ్చిన టికెట్ల లెక్క, సీట్లో కూర్చున్న మనుషుల లెక్క కాదు. విద్యార్థుల టికెట్ ఫీజులోనే కలిసిపోయే కాలేజీలున్నాయి. థాంక్స్‌గివింగ్ సెలవులకి పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయిన రోజుల్లో మ్యాచ్ పడితే ఆ అంకెతో జట్టు జాతకం చెప్పలేం. రింక్ ఎంత పెద్దదో చెప్పకుండా ఎంతమంది వచ్చారో చెప్పకు. రెండు వేలమంది వస్తే ఫెర్రిస్ స్టేట్ రింక్ నిండినట్టే. అదే రెండు వేలమంది నార్త్ డకోటా వాళ్ళ రాల్ఫ్ ఎంగెల్‌స్టాడ్ ఎరీనాలో, 11 వేలకి పైగా సీట్ల మధ్య, కూర్చుంటే దిగులేస్తుంది. నువ్వు రాయని ఇంకో ముక్క, వెళ్ళిపోయిన పెద్దవాళ్ళకీ దెబ్బ తగిలింది. నార్త్ డకోటాతో ఏటా జరిగే పోరు పోయాక మిన్నెసోటా స్టాండ్స్‌లో ఖాళీలు కనపడ్డాయి. 15 వేలమంది పట్టే కోల్ సెంటర్‌లో విస్కాన్సిన్ పరిస్థితీ అంతే. పక్క ఊరి జట్టుతో ఉండే పౌరుషం దూరం నుంచి వచ్చిన గొప్ప పేరుతో ఉండదని వాళ్ళకీ అనుభవమైంది.

ఇప్పుడు నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటికి వస్తాను. 2019 జూన్‌లో డబ్ల్యూసీహెచ్‌ఏలోని పది జట్లలో ఏడు కలిసి, మేం వెళ్ళిపోయి వేరే కాన్ఫరెన్స్ పెట్టుకుంటాం అన్నాయి. పాత సీసీహెచ్‌ఏ పేరుతోనే 2021లో ఆట మొదలుపెట్టాయి. మీ టెక్ ఆ ఏడింట్లో ఒకటి. మిగిలిపోయినవి ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా, అలాస్కా యాంకరేజ్, అలబామా హంట్స్‌విల్. నువ్వు దీన్ని "పునర్వ్యవస్థీకరణ" అని రాశావు. ఆ మాట కొట్టెయ్. వదిలేసి వెళ్ళారు అని రాయి.

వాళ్ళ లెక్క నాకు అర్థం కాకపోలేదు. హంట్స్‌విల్‌కి, ఫెయిర్‌బ్యాంక్స్‌కి గడియారంలోనే మూడు గంటల తేడా. ఆ రెండూ ఒకే లీగ్‌లో ఎనిమిదేళ్ళు ఉన్నాయి. బస్సులో తిరిగే బడ్జెట్ ఉన్న కాలేజీలు పాతికమంది పైచిలుకు ఆటగాళ్ళకీ, వాళ్ళ సామానుకీ విమానం ఖర్చులు పెట్టుకోవడం మాటలు కాదు. అయినా 2011లో తమకి జరిగిన పనినే తమకంటే బలహీనుల మీద వీళ్ళు చేశారు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నీ కాలేజీ గురించి ఇలా రాయడం నీకు ఇబ్బందిగానే ఉంటుంది. అయినా రాయాలి. నీకు నీ జట్టంటే ఎంత ఇష్టమో పాఠకుడికి ముందే తెలుస్తుంది కాబట్టి ఈ మాట నీ నోటి నుంచి వస్తే నమ్ముతాడు.

హంట్స్‌విల్‌ని కాస్త నిదానంగా చెప్పు. మంచు పెద్దగా పడని ఊరు, రాకెట్ల ఊరు. మన ఇంజినీర్లు కూడా అక్కడ ఉన్నారు. 1996లో, 1998లో ఆ కాలేజీ రెండో డివిజన్ ఛాంపియన్. 2020 మే నెలలో, కరోనా మధ్యలో, జట్టుని తీసేస్తున్నామని యూనివర్సిటీ ప్రకటించింది. వారం రోజుల్లో పాత ఆటగాళ్ళు, అభిమానులు, దాతలు కలిసి ఏడున్నర లక్షల డాలర్లకి పైగా పోగుచేశారు. జట్టు ఒక్క సీజన్ ఆడింది. కానీ ఆ తర్వాత చేర్చుకునే కాన్ఫరెన్స్ దొరకలేదు, 2021 మేలో మళ్ళీ ఆపేశారు. ఇచ్చిన డబ్బు ఒక ఏడాదికి సరిపోయింది. రాకపోకలు ఉండే ఇళ్ళు మాత్రం డబ్బుకి దొరకలేదు. అక్కడ ఎక్కువ మాటలు వాడకు. తేదీలు రాసి ఊరుకో.

యాంకరేజ్ మాత్రం బతికి బయటపడింది. 30 లక్షల డాలర్లు తెస్తేనే అని షరతు పెడితే, 2021 ఆగస్టుకి తెచ్చి చూపించారు. వెయ్యికి లోపు సీట్లున్న క్యాంపస్ రింక్‌లో 2022లో మళ్ళీ ఆట మొదలుపెట్టారు. ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేకుండానే. కాన్ఫరెన్స్ లేనివాళ్ళ టెన్షన్ ఏమిటో ఫెయిర్‌బ్యాంక్స్ జట్టుని చూస్తే తెలుస్తుంది. 2022-23లో 22 మ్యాచ్‌లు గెలిచి కూడా వాళ్ళు 16 జట్ల టోర్నమెంట్ బయటే ఉండిపోయారు. గెలిచి నేరుగా లోపలికి పోవడానికి వాళ్ళకొక కాన్ఫరెన్స్ కప్పు లేదు మరి.

ఈ కథ అయిపోలేదు కాబట్టి చివర్లో ముగింపు తీర్పు ఇవ్వకు. సెయింట్ థామస్ యూనివర్సిటీ 2026లో సీసీహెచ్‌ఏ వదిలి ఎన్‌సీహెచ్‌సీకి వెళ్తోందని ముందే ప్రకటించారు. కెనడా మేజర్ జూనియర్ లీగ్‌లలో ఆడినవాళ్ళు కూడా 2025 నుంచి కాలేజీ హాకీ ఆడొచ్చని నిబంధన మారింది. అలా వచ్చినవాళ్ళలో అందరికంటే పేరున్న గ్యావిన్ మెకెన్నా ఎక్కడ చేరాడో తెలుసుగా? పెన్ స్టేట్‌లో. నీ వ్యాసం మొదట్లో కనిపించే ఆ పెన్ స్టేట్ ఇక్కడ మళ్ళీ కనిపిస్తే చాలు, మిగతాది పాఠకుడే కలుపుకుంటాడు.

భాష గురించి రెండు మాటలు. రింక్‌ని "హిమ క్రీడాంగణం" అన్నావు. రింక్ అను. పక్‌ని పక్ అనే అను, మొదటిసారి మాత్రం నల్లటి రబ్బరు బిళ్ళ అని చెప్పు. మూడుచోట్ల క్రికెట్‌తో పోల్చావు, మూడూ తీసెయ్. ఆ పోలిక రాగానే పాఠకుడి మనసు ఉప్పల్ స్టేడియానికి వెళ్ళిపోతుంది, మళ్ళీ హోటన్‌కి తీసుకురావడం కష్టం. రింక్‌లో వాయించే కాలేజీ బ్యాండ్ మీద నువ్వు రాసిన పేరా మాత్రం ఒక్క అక్షరం ముట్టుకోకు. చారల ఓవరాల్స్ వేసుకున్న పిల్లలు, వాల్ట్జ్ మొదలవగానే ఒకరి చేతులొకరు పట్టుకుని అటూ ఇటూ ఊగే వరసలు, వాళ్ళ మధ్య ఏం చెయ్యాలో తెలియక నిలబడితే పక్కనున్న ముసలావిడ నీ చెయ్యి లాగి ఊపడం. అది చదివాక నాకూ ఒకసారి రావాలనిపించింది.

సీజన్ ఇంకా ఉంది కదా. వచ్చే శుక్రవారం ఫోన్ జేబులో పెట్టేసి, చిన్న నోటుపుస్తకం ఒకటి పట్టుకుని వెళ్ళు. పేజీ పైన వచ్చిన జట్టు పేరు రాయి. రెండో విరామంలో లేచి నిలబడి, గోల్‌కీపర్ వెనక ఉన్న ఒక్క సెక్షన్‌లో మనుషుల్ని నువ్వే లెక్కపెట్టు, ప్రకటించిన అంకెని పక్కన వేసుకో. మీ ఓనరమ్మని కూడా తీసుకెళ్ళు, టికెట్ నా ఖాతాలో. ఆవిడ ఆఖరిసారి ఆ మెట్లెక్కినప్పుడు ఎవరు ఆడటానికొచ్చారో అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి నాకు పంపు.

ప్రేమతో,
మీ అన్నయ్య