వాటర్‌షెడ్ పని నమ్ముకుంటే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతం. మా అమ్మాయి అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. బ్యాంకు పరీక్షలు రాయమంటే వినదు, వాన నీటిని, మట్టిని ఊళ్లోనే నిలిపే వాటర్‌షెడ్ సంఘాలతో పనిచేస్తానంటోంది. మా ఊళ్లో ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే కమిటీ ఉంది. తర్వాత చెక్‌డ్యామ్ పూడిపోయినా అడిగేవారు లేరు. ప్రభుత్వమే వదిలేసిన సంఘాలను నమ్ముకోవచ్చా?

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. నేను చూసిన చాలా ఊళ్లలో కథ ఇదే. అయితే ఆ చెక్‌డ్యామ్ ఎందుకు పూడిపోయిందో తెలిస్తే, మీ అమ్మాయికి ఎక్కడ పని ఉందో కూడా తెలుస్తుంది.

కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ సిఫార్సులతో 1995 నుంచి వాటర్‌షెడ్ పనుల పెత్తనం కాగితం మీదైనా ఊరి కమిటీ చేతికి వచ్చింది. ఇక వాటర్‌షెడ్ ప్రాజెక్టులకు కేంద్రం ఇచ్చిన 2008 ఉమ్మడి మార్గదర్శకాలు చూడండి. వంద రూపాయలు మంజూరైతే అందులో సగం కట్టలకు, కుంటలకు. సంఘాన్ని నిలబెట్టి శిక్షణ ఇవ్వడానికి 5 రూపాయలు. సిమెంటు పనికి కొలత పుస్తకం ఉంటుంది, బిల్లు ఉంటుంది. పై పొలం రైతునూ కింది పొలం రైతునూ ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించిన సాయంత్రానికి ఏ బిల్లు పెడతారు? అందుకే అధికారులకు మొదటిదే ముద్దు. ఆ తర్వాత 2021లో మొదలైన కేంద్ర వాటర్‌షెడ్ పథకం కొత్త విడతలో మైదాన ప్రాంతానికి హెక్టారు ఖర్చును 12 వేల నుంచి 22 వేల రూపాయలకు పెంచారు. మంచిదే. కానీ ప్రాజెక్టు ముగిశాక కూడా కమిటీ కార్యదర్శికి నాలుగైదేళ్లు గౌరవ వేతనం, ఏటా పూడికతీతకు చిన్న నిధి ఇస్తే మీ చెక్‌డ్యామ్ ఈ గతి పట్టేది కాదని నా నమ్మకం. డబ్బు ఎండాకాలం పోకముందే చేతికి రావడం మరొకటి. జూన్ వానలు పడ్డాక నిధులొస్తే ఆ ఏడాది గట్టు వేసేదెప్పుడు?

సంఘానికి కావలసింది డబ్బొక్కటే కాదు, తన నీటిని తానే లెక్కగట్టే నేర్పు కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 తర్వాత, మీ జిల్లాతో కలిపి ఏడు కరవు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భ జలాలను లెక్కగట్టిన ప్రాజెక్టు నడిచింది. కొలత పరికరాన్ని బోరులోకి దించడం, నీరు తగిలిన లోతు చూసి పుస్తకంలో రాసుకోవడం, వానమాపకం చదవడం అన్నీ వాళ్లే చేశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నేలలో ఎంత నీరుంది, వరి వేస్తే ఎంత కావాలి, వేరుశనగకు ఎంత చాలు అని గోడమీద లెక్క వేసుకునేవారు. బోరు ఆపమని ఎవరూ శాసించలేదు, రాయితీ ఆశ చూపలేదు. లెక్క చూసి చాలామంది రైతులు తమంతట తామే తక్కువ నీటి పంటలకు మారారు. ఇలాంటి లెక్క నేర్పే మనిషి ప్రతి సంఘానికీ కావాలి. నా దృష్టిలో మీ అమ్మాయి కొలువు అదే.

ఇప్పుడు ఉద్యోగాల మాట. నిబంధనల ప్రకారం ప్రాజెక్టును నడిపించే వాటర్‌షెడ్ అభివృద్ధి బృందంలో కనీసం నలుగురు ఉండాలి, వారిలో ఒకరైనా మహిళ కావాలి. అక్కడ ప్రవేశం సులువే. దాచడమెందుకు, అవి ఎక్కువగా కాంట్రాక్టు కొలువులు. ప్రాజెక్టుతో మొదలై ప్రాజెక్టుతో పోతాయి. అందుకని నా సలహా ఇది: ముందు ఎం.టెక్‌లో నేల, నీటి సంరక్షణ ఇంజినీరింగ్ చేయనివ్వండి. దానికి భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పీజీ ప్రవేశ పరీక్ష లేదా ఇంజినీరింగ్ పీజీకి రాసే గేట్ రాయాలి. డిగ్రీ చేతికొస్తే ప్రభుత్వ శాఖలు, పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు మూడువైపులా దారి ఉంటుంది. సంఘాలను నడపడం మీదే మనసుంటే గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న ఇర్మా అనే సంస్థలో గ్రామీణ మేనేజ్‌మెంట్ చదవవచ్చు. హైదరాబాద్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ (ఎన్ఐఆర్‌డీ), కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా), పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉన్నాయి. వాటి శిక్షణలు, ప్రాజెక్టు నియామకాల ప్రకటనలను గమనిస్తూ ఉండమనండి. బ్యాంకు పరీక్షలు కూడా రాయమనండి, తప్పులేదు. కానీ మనసు లేని చోట కూర్చోబెడితే రెండేళ్లకు మీకే మళ్లీ ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ఈ వేసవి సెలవుల్లో ఆమెకు ఒక పని అప్పగించండి. సొంత పొలాల్లో చేసిన పనులకు రైతులు కట్టిన వాటా వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిలో జమ కావాలి. ప్రాజెక్టు ముగిశాక ఉమ్మడి కట్టడాల మరమ్మతు కోసం ఉంచే డబ్బు అదే. మీ ఊరి నిధి పాస్‌బుక్ ఇప్పుడు ఎవరి పెట్టెలో ఉందో, అందులో ఎంత మిగిలిందో వాకబు చేయమనండి. మీరూ వెంట వెళ్లండి.