రోజుకో ఫోటో మానక్కర్లేదు, కానీ...

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్ల క్రితం ఒక చిన్న దీవికి వచ్చాం. మాకు పద్నాలుగేళ్ల అమ్మాయి, ఏడేళ్ల బాబు. చుట్టూ సముద్రం, పలకరించేవాళ్లు తక్కువ. కిందటేడాది రోజుకో ఫోటో తీయడం మొదలుపెట్టాను. గోడ మీద పడ్డ ఎండ, ఆరేసిన బట్టలు, బాబు ఏరుకొచ్చిన గవ్వలు. మొదట్లో ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది. ఈమధ్య అదే సముద్రం, అదే ఇల్లు, తీయడానికి ఏమీ కనిపించడం లేదు. ఒక్కరోజు తీయకపోతే మాత్రం టెన్షన్. మావారు ‘ఎదురుగా కూర్చున్నా నీ ధ్యాసంతా ఫోన్‌లోనే’ అంటున్నారు. అమ్మాయి ఫోన్ ఎత్తితే చాలు ముఖం తిప్పేసుకుంటుంది. ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అక్కావాళ్లు చూస్తారు గానీ ఒక్క మాటా అనరు. ఇక మానేయమంటారా?

జవాబు: మానేయొద్దమ్మా. ఆరేసిన బట్టల్లో కూడా ఆగి చూడదగ్గది ఉందని మీకు తోచింది. అది అందరికీ తోచదు. అయితే ఫోటోల మీద పెట్టి మీరు చెప్పుకున్న బాధల్లో కొన్ని అసలు ఫోటోలవి కావు. వాటిని విడదీసి చూద్దాం.

ముందు మీవారి మాట. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. ఫోటోలు తీసుకుంటూ తిరిగినవాళ్లకు కళ్లతో చూసినవి బాగా గుర్తుంటాయనీ, చెవిన పడ్డవి మాత్రం జారిపోతాయనీ 2017లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. మీరు కిటికీలో ఎండ తీస్తున్నప్పుడు ఆయన పనిచోట జరిగిందేదో చెబుతున్నారనుకోండి. ఎండ మీకు గుర్తుంటుంది, ఆయన చెప్పింది గుర్తుండదు. మర్నాడు ‘ఎప్పుడు చెప్పారు?’ అని మీరు అడిగితే ఆయన మనసు చివుక్కుమనదా? ఆయనకు ఫోన్ మీద కోపం ఉందని నాకు అనిపించడం లేదు. తన మాట మీ దాకా రావడం లేదన్నదే ఆయన బాధ. నిజానికి ఫోటో తీయడానికి నిమిషం కూడా పట్టదు. నాలుగు తీసి అందులో ఒకటి ఎంచడం, రంగులు సరిచేయడం, గ్రూప్‌లో పెట్టడం, ఎవరు చూశారో మళ్లీ మళ్లీ చూసుకోవడం, ఇవే సాయంత్రాన్ని తినేస్తాయి. తీశాక ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. మిగతా పనంతా పిల్లలు పడుకున్నాక చూసుకోవచ్చు. ఆయన మాట్లాడుతుంటే ఎంత మంచి వెలుతురు వచ్చినా వదిలేయండి. అలాంటిది ఇంకోరోజు వస్తుంది.

ఇక ‘అదే సముద్రం’ అన్నారు. ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోను. పోటు రోజూ ఒకే వేళకు రాదు, రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. ఇవాళ ఉదయం ఏడింటికి మీ కాళ్ల దాకా వచ్చిన నీళ్లు, వారం తర్వాత అదే ఏడింటికి ఎక్కడో వెనక ఉంటాయి. అమావాస్యకీ పౌర్ణమికీ అవి బాగా పైకొచ్చి బాగా వెనక్కి పోతాయి, మధ్యలో అష్టమి రోజుల్లో ఆ తేడా తగ్గుతుంది. ఒకే చోట నిలబడి ఒకే వేళకు పదిహేను రోజులు తీసి చూడండి, ఏ రెండూ ఒకలా ఉండవు.

అసలు సముద్రం మొత్తాన్ని తీయాలని చూడటం వల్లే విసుగొస్తుందని నా అనుమానం. మ్యూజియంలో వస్తువులను పూర్తిగా ఫోటో తీసినవాళ్లు, ఊరికే చూసినవాళ్ల కంటే తక్కువ గుర్తుపెట్టుకున్నారని 2014లో ఒక పరిశోధన చెప్పింది. ఏదో ఒక భాగాన్ని మాత్రమే దగ్గరగా తీసినప్పుడు జ్ఞాపకం దెబ్బతినలేదు. కాబట్టి వంగండి. నీళ్లు వెనక్కి తగ్గిన తడి ఇసుకలో గోరంత పీతలు ఉంటాయి కొన్ని తీరాల్లో. బొరియలోంచి వచ్చి, ఇసుక నోట్లో వేసుకుని అందులో తిండి ఏదైనా ఉంటే పీల్చుకుని, మిగిలిన ఇసుకను ఆవగింజలంత ఉండలుగా చుట్టి పక్కన పెడతాయి. కాసేపట్లో బొరియ చుట్టూ ముగ్గు వేసినట్టు చుక్కలు తేలతాయి. మీ అడుగు చప్పుడుకు అన్నీ లోపలికి దూరిపోతాయి, కదలకుండా నిలబడితే మళ్లీ బయటికొస్తాయి. పోటు రాగానే ఆ పనంతా కొట్టుకుపోతుంది. ఫోటో సంగతి అలా ఉంచండి, ఇది చూడటానికే పది నిమిషాలు కూర్చోవచ్చు. మీవాడిని వెంట తీసుకెళ్లండి. ఏడేళ్ల వాడి కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయి, మీకంటే ముందు వాడికే కనబడతాయి.

ఆ నడకకు ఇంకో లాభమూ ఉంది. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో పెద్దవయసు వాళ్లను 8 వారాల పాటు వారానికోసారి 15 నిమిషాలు, చుట్టూ ఉన్నవాటిని ఆశ్చర్యంగా చూస్తూ నడవమన్నారు. నడకలో సెల్ఫీలు తీసుకోమన్నారు. వారాలు గడిచేకొద్దీ ఆ ఫోటోల్లో వాళ్లు ఆక్రమించే చోటు తగ్గి చుట్టూ ఉన్నది ఎక్కువ కనిపించింది. నవ్వు మాత్రం పెద్దదైంది.

ఒక్కరోజు తప్పితే టెన్షన్ అంటున్నారు కదా, ఆ నియమాన్ని సడలించండి. వారంలో రెండు రోజులు తీయకూడదని మీరే పెట్టుకోండి. తీసే రోజు కూడా అద్భుతం కోసం వెతకొద్దు. మామూలు రోజు గురించి రాసుకున్నది మళ్లీ చదవాలని తమకు పెద్దగా అనిపించదని జనం అనుకుంటారట. మూడు నెలల తర్వాత చదివితే అనుకున్నదానికంటే ఎక్కువ ఆసక్తిగా ఉందన్నారు. ఇది కూడా 2014 నాటి పరిశోధనే. గుమ్మం ముందు చిందరవందరగా పడున్న నాలుగు జతల చెప్పులు ఇవాళ మీకు ఏమీ కాకపోవచ్చు. పిల్లలు పెద్దయ్యాక మీ చెయ్యి ఆగేది ఆ ఫోటో దగ్గరే.

అమ్మాయి విషయం సున్నితమైనది. పద్నాలుగేళ్లప్పుడు తన ముఖం తనకే కొత్త. ఆ ముఖాన్ని అమ్మ అడగకుండా తీసి బంధువులందరికీ పంపిస్తే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. ఇంతవరకు తీసిన తన ఫోటోలు తన చేతికే ఇచ్చి, వద్దన్నవి తన ముందే డిలీట్ చేయండి, గ్రూప్‌లో పెట్టినవి కూడా. ‘ఇందులో ఎంత బాగున్నావో చూడు’ అని బతిమాలొద్దు. ఇకమీద అడిగి తీయండి, వద్దంటే కారణం అడగకండి. కొన్నాళ్లు పోయాక ‘నువ్వైతే ఇవాళ ఏం తీస్తావు?’ అని ఫోన్ తనకే ఇచ్చి చూడండి. తీస్తే తీస్తుంది, లేకపోతే లేదు.

చివరగా మీ అక్కావాళ్ల సంగతి. మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపింది ఆ ఒక్క వాక్యమే. ‘నేనిక్కడ బాగానే ఉన్నాను, చూడండి’ అని రోజూ చెబుతున్నారు మీరు. అందమైన ఫోటో చూసినవాళ్లు కూడా బాగానే ఉందనుకుని ఊరుకుంటారు. మీరు ఒంటరిగా ఉన్నారని వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఈ వారం అక్కకు ఫోటో పంపకుండా ఫోన్ చేయండి. పలకరించేవాళ్లు లేరని నాకు రాశారే, ఆ మాట అక్కతో అనండి. ఆ దిగులు వారాల తరబడి వదలకుండా నిద్రా ఆకలీ తగ్గిపోతుంటే, మొహమాటపడకుండా డాక్టర్‌తో కూడా మాట్లాడండి. ముందు మాత్రం అక్కకు ఫోన్ చేయండి.