8 జీబీ లాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్ సింథ్ వాడాలి, సౌండ్ చెడకుండా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదే కదా, నాలుగు కోర్ల ఐ5 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే రీపర్‌లో ఐదారు సాఫ్ట్ సింథ్ (కంప్యూటర్‌లోనే సౌండ్ పుట్టించే వాయిద్యం) ట్రాకులు పెట్టేసరికి పేలాలు వేగినట్టు చిటపట, ర్యామ్ 16 చేయించాలా లేకపోతే డీవా లాంటి బరువు సింథ్‌లు మానేసి తేలిక సింథ్‌లకి మారాలా, మారితే సౌండ్ పల్చబడిపోద్దా అని. ముందు ర్యామ్ సంగతి తేల్చేద్దాం, దానికి డబ్బులు తగలెయ్యకు. ర్యామ్ కావాల్సింది ముందే రికార్డ్ చేసి పెట్టిన సౌండ్లకి, అంటే కాంటాక్ట్ అనే శాంప్లర్‌లో పెద్ద స్ట్రింగ్స్ లైబ్రరీలు, పియానోలు లోడ్ చేసుకోవడానికి. సింథ్ అలా కాదు, నువ్వు కీ నొక్కాక అప్పటికప్పుడు లెక్కలేసి సౌండ్ పుట్టిస్తుంది, ఆ భారమంతా ప్రాసెసర్ మీదే.

నాదీ ఇదే బాధ. గుంటూరులో మా ఇంటి వెనక గదిలో చర్చి పాటలకి ట్రాకులు చేస్తుంటా, అప్పుడప్పుడు షార్ట్ ఫిల్మ్‌లకి బీజీఎం. ఒక నవంబర్‌లో క్రిస్మస్ పాట రికార్డింగ్, పాడే అక్క డ్యూటీ దిగి రాత్రి తొమ్మిదింటికి వచ్చింది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పల్లవి ఎత్తుకుందో లేదో రెండో లైన్ దగ్గర ట్రాక్ బరబరమంది. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో లెక్కేసి పంపే సౌండ్ ముక్క, 1024 శాంపిళ్లకి పెంచితే చిటపట పోయింది కానీ ఆవిడ గొంతు ఆవిడకే వెనకాల నుంచి వస్తున్నట్టుంది, "ఎవరో నాతోపాటు పాడుతున్నట్టుంది నాయనా" అంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 44,100 శాంపిళ్లు నడిచేటప్పుడు, 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు, అదే 1024 అంటే 23 పైనే, లోపలికి ఒకసారి బయటికి ఒకసారి కలిపితే దానికి రెట్టింపు, పాడేవాళ్లకి తెలియకుండా ఎలా ఉంటది. ఆ రాత్రికి ప్యాడ్ ట్రాక్, అదే వెనకాల సాగుతూ మోగే కార్డ్‌ల సౌండ్, మ్యూట్ చేసి ఎలాగో పాడించేశా.

మర్నాడు తీరిగ్గా కూర్చుని ఒక్కో ట్రాక్ ఆపుతూ చూస్తే దొంగ ఆ ఒక్క ప్యాడే. సీరమ్ అనే సింథ్‌లో చేసిన మామూలు ప్యాడ్, నేను డీవానే అనుమానించా కానీ అది పాపం ఓ మూల ఒక్క నోట్ బేస్ వాయించుకుంటోంది. ప్యాడ్‌లో రెండు ఆసిలేటర్లు (సౌండ్ అల పుట్టించేవి), ఒక్కోదానికి యూనిసన్ 7, అంటే ఒక్కోటీ ఏడు కాపీలుగా మోగుద్ది, ఆ లెక్కన నాలుగు నోట్ల కార్డ్ నొక్కితే 4 ఇంటూ 2 ఇంటూ 7, 56 ఆసిలేటర్లు. అక్కడితో ఆగలేదు, రిలీజ్, అంటే కీ వదిలాక సౌండ్ ఆరిపోయే టైమ్, 5 సెకన్లు పెట్టా, పాటలో కార్డ్ రెండు సెకన్లకోసారి మారుతోంది, వేలు తీసేసిన పాత కార్డ్‌లు ఇంకా మోగుతూనే ఉంటాయి కదా, ఏ క్షణంలో చూసినా కనీసం మూడు కార్డ్‌లు బతికే ఉన్నాయి, పాలీఫొనీ (ఒకేసారి మోగగల నోట్లు) కూడా 16 ఉంది కాబట్టి ఏదీ కోసెయ్యలేదు, అంటే కనీసం 168 ఆసిలేటర్లు పరిగెడుతున్నాయి, అదీ వెనకాల ఎక్కడో వినీ వినపడకుండా ఉన్న ప్యాడ్ కోసం. రిలీజ్ సెకనుకి దించి, ఆ తోకని అన్ని ట్రాకులూ పంచుకునేలా సెండ్ మీద ఉన్న ఒకే రివెర్బ్‌కి (గది మోత ఎఫెక్ట్) అప్పజెప్పి, యూనిసన్ 3, పాలీఫొనీ 8 చేశా. మిక్స్‌లో తేడా నాకే తెలియలేదు, ఇంక అక్కకేం తెలుస్తుంది.

అందుకే "ఏ సింథ్ తేలిక" అని అడిగితే నేను ముందు ప్రీసెట్, అంటే రెడీమేడ్ సౌండ్, తెరిచి చూడమంటా. ప్రీసెట్లు చేసేవాళ్లు అది ఒంటరిగా మోగినప్పుడు అదిరిపోవాలని చేస్తారు, నీ పాటలో ఇంకా పది ట్రాకులు ఉంటాయని వాళ్లకేం పట్టింది. ఇంకోటి, సింథ్‌ని బట్టి యూనిసన్ ఖర్చు మారుద్ది. సీరమ్‌లో, వైటల్ అనే ఇంకో సింథ్‌లో యూనిసన్ పెంచితే పెరిగేది ఆసిలేటర్లే, ఫిల్టర్ (సౌండ్‌లో పదును కోసేది) మాత్రం నోటుకి ఒకటే లెక్క. డీవాలో యూనిసన్ లాంటి స్టాక్ పెంచితే ఫిల్టర్‌తో సహా మొత్తం వాయిస్ ఇంకోటి తయారవుద్ది, దాని బరువంతా ఆ ఫిల్టర్ లెక్కల్లోనే ఉంది మరి, అందుకే స్టాక్ 2 పెట్టగానే మీటర్ ఎగిరి కూర్చుంటుంది.

డీవాని మాత్రం మానెయ్యకు. 2011 నాటి సింథ్ అయినా ఆ ఫిల్టర్ తిప్పుతుంటే వచ్చే రుచి వేరు. అందులో యాక్యురసీ అని డ్రాఫ్ట్, ఫాస్ట్, గ్రేట్, డివైన్ నాలుగు ఉంటాయి, కంపోజ్ చేసేటప్పుడు డ్రాఫ్ట్‌లో ఉంచు, పక్కన ఆఫ్‌లైన్ యాక్యురసీని బెస్ట్‌లో పెడితే ఎక్స్‌పోర్ట్ అప్పుడు అదే పై మెట్టు ఎక్కుద్ది. ఒక్క జాగ్రత్త, రెజొనెన్స్, అంటే ఫిల్టర్ కోసే చోట వచ్చే ఈల లాంటి మోత, బాగా పెంచి ఫిల్టర్‌ని వేగంగా ఊపే సౌండ్ అయితే డ్రాఫ్ట్‌కీ డివైన్‌కీ తేడా వినపడుద్ది, అలాంటి దాన్ని ముందే పై మోడ్‌లో రెండర్ చేసి విని అప్పుడు మిక్స్ చెయ్, లేదంటే నువ్వు మిక్స్ చేసిందొకటి ఫైల్‌లో వచ్చేదొకటి.

సీరమ్‌లో, వైటల్‌లో ఉండే ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపిళ్లతో లెక్కెయ్యడం) కూడా అంతే, అన్నింటికీ 4 ఎక్స్ పెట్టి కూర్చోకు. 44.1లో 22 కిలోహెర్ట్జ్ పైన చోటు లేదు, దాన్ని దాటిన హార్మోనిక్స్ (నోట్‌తోపాటు పుట్టే పై స్వరాలు) వెనక్కి మడతపడి శ్రుతితో సంబంధం లేని రొదలా కిందకి వస్తాయి, ఓవర్‌శాంప్లింగ్ ఆపేది దాన్నే. అది వినపడేది పై స్థాయిలో వాయించే పదునైన లీడ్‌లలో, ఎఫ్ఎం పద్ధతిలో చేసిన గంటల సౌండ్లలో, డిస్టార్షన్ దట్టించిన వాటిలో. ఫిల్టర్ మూసేసిన ప్యాడ్‌కి, సైన్ వేవ్ సబ్ బేస్‌కి ఎందుకు దండగ. ప్రాజెక్ట్‌ని 96 కిలోహెర్ట్జ్‌లో పెడితే మంచిదంటారు కొందరు, పెట్టి చూడు, ప్రాసెసర్‌కి పని రెట్టింపు.

టాస్క్ మేనేజర్ 40 శాతమే చూపిస్తోంది అయినా చిటపట ఎందుకు అన్నావు. అది అన్ని కోర్లకి సగటు. ఒక ట్రాక్ మీద సింథ్, దాని వెనకే వరసగా ఎఫెక్ట్‌లు ఉంటే అవి ఒకదాని తర్వాత ఒకటే నడవాలి, మామూలుగా ఆ వరసంతా ఒకే కోర్ మీద పడుద్ది, ఆ ఒక్క కోర్ సమయానికి పని ముగించలేకపోతే మిగతావి ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. రీపర్‌లో పెర్ఫార్మెన్స్ మీటర్ తెరిచి ఆర్‌టీ సీపీయూ (అప్పటికప్పుడు సౌండ్ చెయ్యడానికి పడే భారం) అంకె చూడు, అదే అసలు లెక్క. రీపర్ రికార్డ్‌కి ఆర్మ్ చెయ్యని, అంటే సిద్ధంగా పెట్టని ట్రాకుల్ని కాస్త ముందే వండి పెట్టుకుంటుంది, ఆర్మ్ చేసిన ట్రాక్‌ని మాత్రం అప్పటికప్పుడు చెయ్యాలి, అందుకే ప్లే చేస్తే బాగానే ఉండి నువ్వు కీబోర్డ్ ముట్టుకోగానే చిటపట మొదలవుద్ది. వాయించడం అయిపోయిన ప్రతి బరువు ట్రాక్‌ని ఫ్రీజ్ చేసేయ్, అంటే ఆడియోగా మార్చేసేయ్, మార్చాలనిపిస్తే అన్‌ఫ్రీజ్ ఉందిగా. లాప్‌టాప్ పవర్ ప్లాన్ కూడా హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టు, మే నెలలో అయితే కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తు, వేడెక్కిందంటే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది, మా ఊళ్లో ఏసీ లేని గదిలో అది రోజూ జరిగేదే.

తేలికైనవి కావాలంటే సర్జ్ ఎక్స్‌టీ ఫ్రీ, ఓపెన్ సోర్స్, నా ట్రాకుల్లో సగం అదే. యమహా డీఎక్స్7 కీబోర్డ్ మార్కు ఎలక్ట్రిక్ పియానోలకి డెక్స్‌డ్, అదీ ఫ్రీనే, ప్రాసెసర్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వైటల్ ఫ్రీ వెర్షన్ బావుంటది కానీ పైన చెప్పిన లెక్క మర్చిపోకు. సిలెంత్1 పాతదే అయినా తక్కువ ఖర్చుతో నిండుగా మోగుద్ది, అది కొనాలి మరి.

సౌండ్ పల్చబడుద్దా అన్న దానికి నువ్వే పరీక్ష పెట్టుకో. ఒకే బిట్‌ని రెండు సింథ్‌లలో చేసి, రెండింటి వాల్యూమ్ సమానం చేసి, మొత్తం పాటలో పెట్టి ఎవరినైనా మార్చి మార్చి ప్లే చెయ్యమను, నువ్వు స్క్రీన్ చూడకు. మా కీబోర్డ్ ప్లేయర్ అన్నకి నేను డ్రాఫ్ట్, డివైన్ రెండూ వినిపిస్తే డ్రాఫ్ట్‌ని పట్టుకుని "ఇదిరా అసలు అనలాగ్" అన్నాడు, ఇప్పటికీ ఒప్పుకోడు.

ఇంకోటి మర్చిపోయా, డీవా డెమో వేసి చూస్తున్నానన్నావు కదా, ఆ డెమోలో కాసేపయ్యాక వాళ్లే కావాలని మధ్యమధ్యలో చిన్న చిటపట వినిపిస్తారు, కొనుక్కోమని గుర్తు చెయ్యడానికి. నేను అది చదవకుండా ఒక సాయంత్రమంతా బఫర్ మారుస్తూ, డ్రైవర్లు తీసి మళ్లీ వేస్తూ కూర్చున్నా. కాబట్టి ముందు డీవా ఒక్కటి తీసేసి చూడు, మిగతా వాటితో చిటపట వస్తుందో రాదో, వస్తే ఆర్‌టీ సీపీయూ అంకె ఎంతుందో ఇక్కడే కామెంట్‌లో పెట్టు.